కెమెరా పక్కన నాగవల్లి

పొద్దున పదింటికి ఉజ్వల స్టూడియో మెట్లెక్కగానే నాగవల్లి చేసే మొదటి పని కోటు జేబులు వెతకడం.

అది స్టూడియో కోటు. ముందు నుంచి చూస్తే పెద్ద ఆఫీసరు కోటులా ఉంటుంది. వెనక మాత్రం మెడ దగ్గర్నుంచి కింది దాకా నిలువునా కత్తిరించి ఉంటుంది, లావుపాటివాళ్ళకు కూడా పట్టాలని. సన్నటివాళ్ళకైతే వెనక బట్టల క్లిప్పులు పెడతారు. దాన్ని ఎవరైనా వేసుకునేది రెండు నిమిషాలే. అయినా వేసుకోగానే అది తమదేనన్న నమ్మకం మనుషులకు ఎక్కడినుంచో వచ్చేస్తుంది. చేతిలో ఉన్నదల్లా జేబులో పెట్టుకుంటారు. ఫోటో అయ్యాక కోటు విప్పేసి వెళ్ళిపోతారు. నాగవల్లికి ఆ జేబుల్లో బస్సు టికెట్లు, తాళంచెవులు, సగం కొరికిన పల్లీపట్టి దొరికాయి. ఒకసారి పైవరస కట్టుడు పళ్ళు దొరికాయి. నవ్వకూడదన్నారు కదా, ఇంక పళ్ళెందుకని తీసి జేబులో వేసుకున్నాడట ఆ పెద్దమనిషి. వారం తర్వాత వచ్చి, అన్ని రోజులూ ఇంట్లోవాళ్ళను అనుమానించానని చెప్పి సిగ్గుపడ్డాడు.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తుంటే, ఎడమచేతి సందులో సూట్‌కేసుల దుకాణం మీద ఉంటుంది ఉజ్వల స్టూడియో. యజమాని పేరు ఇంద్రసేన. తండ్రి పెట్టిన స్టూడియో. ముందు వేరే పేరుండేది, ఇంద్రసేన తన కూతురు పుట్టాక ఆమె పేరు పెట్టాడు. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో పోటీ పరీక్షలకు దరఖాస్తు చేసే పిల్లలు, నాంపల్లి కోర్టులో ఎవరికో జామీను నిలబడబోయేవాళ్ళు, పాస్‌పోర్టు కావలసినవాళ్ళు, పెళ్ళి సంబంధాలకు నిలువెత్తు ఫోటో కావలసినవాళ్ళు ఎక్కువ.

నాగవల్లి పని ఏమిటని అడిగితే ఇంద్రసేన "హెల్పర్" అంటాడు. ఆమె చేసేది ఇదీ. వచ్చినవాళ్ళ నుదుటి మీద చెమట తుడుస్తుంది, కాస్త పౌడర్ అద్దుతుంది, రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని అటో ఇటో కొంచెం తిప్పుతుంది. తర్వాత వెళ్ళి కెమెరా పక్కన నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఎదుటివాళ్ళు జవాబు వెతుక్కుంటున్నప్పుడు ఇంద్రసేన బటన్ నొక్కుతాడు.

ప్రశ్న అందరికీ ఒకటి కాదు. మనిషి మెట్లెక్కుతున్నప్పటి నుంచీ ఆమె చూస్తూనే ఉంటుంది. చేతిలో ఏ ఫైలుంది, చెప్పులు ఎంత అరిగాయి, వెంట వచ్చినవాళ్ళు ఎవరు, వాళ్ళకూ వీళ్ళకూ ఏమైనా గొడవ అయిందా. పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదు, అలాగని శవంలా ఉండకూడదు. అలాంటి ఫోటోకు ఎవరైనా గృహిణి వస్తే, "గ్యాస్ కట్టేసే వచ్చిన్రు కదా?" అంటుంది. ఆమె కళ్ళలోకి వెంటనే ప్రాణం వస్తుంది. పెళ్ళిచూపుల ఫోటోకు వచ్చిన కుర్రాడిని, "మీ ఇంట్ల పప్పు అమ్మ మంచిగ చేస్తదా, నాయినా?" అంటుంది. వాడు అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ ఎంతో సున్నితంగా కనిపిస్తాడు. నేను పీజీ దరఖాస్తుకు ఫోటో దిగడానికి వెళ్ళినప్పుడు నా సంచీ వైపు చూసి, "ఎన్నో పేజీల ఆపినవమ్మా?" అంది. నా జీవితంలో నేను మనిషిలా కనిపించే ఫోటో అదొక్కటే.

ఆమె ఆ స్టూడియోకు వచ్చిందే ఫోటో దిగడానికి, ఇరవై రెండేళ్ళ కిందట. కుట్టు మిషన్ శిక్షణకు ఫోటో కావాలి. ఆమెకంటే ముందు ఒక చంటిపిల్లాడు కూర్చుని కుర్చీ ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. వరుస కదలడం లేదు. నాగవల్లికి విసుగొచ్చి వెళ్ళి వాడి ముందు కూర్చుని, తనూ అంతే గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. పిల్లాడు ఏడుపు ఆపి, ఈమెకేమైందని చూశాడు. ఇంద్రసేన బటన్ నొక్కాడు. మర్నాటి నుంచి ఆమె కుట్టు మిషన్‌కు వెళ్ళలేదు.

ఫోటో బాగా వచ్చినప్పుడల్లా జనం అడిగేది ఒకటే: "ఏం కెమెరా అన్నా ఇది?" ఇంద్రసేన కెమెరా పేరు చెప్పి, దాని వీపు మీద తట్టేవాడు. నాగవల్లికి అందులో కష్టంగా అనిపించినట్టు లేదు. బాగా రాకపోతే తిట్లు కూడా కెమెరాకే పోయేవి కదా.

పోయిన ఏడాది ఇంద్రసేన మేనల్లుడు సుశాంత్, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే అబ్బాయి, స్టూడియోలో కాలు పెట్టాడు. పాత కెమెరాను చూసి జాలిపడ్డాడు. నెల తిరక్కుండా మామ చేత కొత్తది కొనిపించాడు. ఆ డబ్బుతో ఒక ఆటో వస్తుంది. దానితో పాటు ఎప్పుడూ వెలుగుతూ ఉండే లైట్లు నాలుగు వచ్చాయి. మొదటిరోజు సుశాంత్ దాన్ని స్టాండుకు బిగించి ఉపన్యాసం ఇచ్చాడు.

"మామా, ఇగ మనం చేసుడేం ఉండదు. మనిషి కన్ను ఏడుందో గదే ఎతుక్కుంటది. కన్ను దొరికిందంటే గిట్లా ఆకుపచ్చ డబ్బా కనపడ్తది. సెకనుకు ముప్పై ఫోటోలు. గాడిద నొక్కినా ఫోటో మంచిగనే వస్తది."

"గాడిదను ఎప్పటిసంది పెట్టుకుంటున్రు సార్?" అని నాగవల్లి ఇంద్రసేనను అడిగింది.

ఇంద్రసేనకు నవ్వు రాలేదు. బటన్ నొక్కేది ఆయనే.

ఆ సాయంత్రమే ఆయన నాగవల్లిని పిలిచి, రేపట్నుంచి జిరాక్స్, లామినేషన్ కౌంటర్ చూసుకొమ్మన్నాడు. కెమెరా దగ్గర ఇంక మనిషి అక్కర్లేదని, అది గుడ్డ తెర అవతలే కాబట్టి పెద్ద తేడా ఏమీ లేదని చెప్పాడు.

"జిరాక్స్ నాకొద్దు సార్. నెలాఖరు దాక చేసి పోత," అంది.

"ఏడికి పోతవ్?"

"సుల్తాన్ బజార్ల చీరల దుకాణపామె ఎప్పటిసందో రమ్మంటున్నది. మడతలు ఇప్పి చూపెట్టాలె, మళ్ళ మడతలు పెట్టాలె."

"మంచిగనే ఉంటది కదా?"

"చీరలకు మొఖాలు ఉండయి సార్," అని ఆమె లామినేషన్ మిషన్ వేడెక్కిందో లేదో చూడటానికి వెళ్ళిపోయింది.

నిజానికి ఆమెకు వెళ్ళాలని లేదు. ఆ కెమెరా పక్కన రెండు గజాల చోటు తప్ప ప్రపంచంలో తను గట్టిగా తెలుసుకున్న చోటు ఇంకోటి లేదని ఆమెకు తెలుసు. కానీ ఆ మాట ఎవరితో అంటుంది?

కొత్త కెమెరా ఫోటోలు చాలా స్పష్టంగా వచ్చాయి. ఒక్కొక్క కనురెప్ప వెంట్రుక లెక్కపెట్టవచ్చు. అయితే అందరూ స్టేషన్‌కు పిలిపించి కూర్చోబెట్టిన అనుమానితుల్లా ఉన్నారు. పెళ్ళికొడుకులు మరీ. ఒకాయన తన ఫోటో చూసుకుని, "అన్నా, గీ ఫోటో చూస్తే నాకే పిల్లనియ్యబుద్ధి కాదు," అని వెళ్ళిపోయాడు.

సుశాంత్‌కు సంగతి కొంత అర్థమైంది. నాగవల్లి ప్రశ్నలు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి కెమెరా స్టాండుకు అతికించాడు. పాస్‌పోర్టు: గ్యాస్. పెళ్ళి: పప్పు. అంతవరకే గుర్తున్నాయి. మర్నాడు మొదటగా వచ్చినవాడు చాదర్‌ఘాట్ నుంచి వచ్చిన ఒంటరి బ్రహ్మచారి. పాస్‌పోర్టు కోసం. ఇంద్రసేన కాగితం చూసి, బల్లగుద్దినట్టు అడిగాడు.

"గ్యాస్ కట్టేసి వచ్చినవా?"

నాగవల్లి అడిగితే అది ఇంటిపక్కామె అడిగినట్టుంటుంది. ఇంద్రసేన అడిగితే గ్యాస్ ఏజెన్సీ నుంచి ఫోనొచ్చినట్టుంది. ఆ అబ్బాయి మొహం తెల్లబోయింది. స్టవ్ మీద పాలు పెట్టానన్నాడు. పెట్టలేదేమో అన్నాడు. లేచి మెట్లు దిగి పరుగెత్తాడు. సందు చివర ఆటో ఎక్కుతుండగా చూస్తే వీపంతా కనిపిస్తోంది. కోటు ఒంటిమీదే ఉంది, వెనక క్లిప్పులు ఎండకు మెరుస్తున్నాయి. సాయంత్రం దాకా స్టూడియోలో కోటు లేదు. జామీను నిలబడటానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు బనియన్లు కనిపించే చొక్కాల్లోనే ఫోటో దిగి వెళ్ళారు. కోటు తిరిగొచ్చింది గానీ అబ్బాయి ఫోటో దిగలేదు. పాలు అసలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయట, కానీ తనకు మనసు బాగాలేదన్నాడు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా కోటేశ్వరమ్మగారు వచ్చారు.

ఆవిడకు డెబ్బై ఏడేళ్ళు. సొంతూరు తెనాలి దగ్గర. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు, తండ్రి ఆఫీసు ఫైళ్ళ వెనకే వచ్చిన కుటుంబం. అప్పట్నుంచి ఖైరతాబాదులోనే ఉంటున్నా మాటలో తెనాలి తెనాలిగానే ఉంది. కోడలు సుష్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని చెప్పారు.

"బాబూ, నాకు దండ వేసే ఫోటో కావాలి."

ఇంద్రసేన గొంతు తగ్గించాడు. "ఎవరికమ్మా?"

"నాకే. ఇంకెవరికి?"

"మీకు ఇంక మస్తు టైముంది కదమ్మా."

"టైమున్నప్పుడే కదయ్యా తీయించుకోవాలి. తర్వాత ఈ మెట్లు నేనెక్కి రాగలనా?"

ఆవిడే వివరంగా చెప్పారు. తోటికోడలు పోయినప్పుడు విడిగా ఒక్క ఫోటో కూడా దొరక్క, ఏదో పెళ్ళిలో గుంపుగా తీసినదాన్లోంచి కత్తిరించి పెద్దది చేశారట. ఇప్పటికీ గోడ మీద ఆ తోటికోడలి భుజాన ఎవరిదో చెయ్యి ఉంటుంది. అది ఎవరి చెయ్యో ఇంట్లో ఇంతవరకూ తేలలేదు. తనకా గతి పట్టకూడదు. పైగా తనకు ఇంకో ఇబ్బంది ఉంది.

"నా ఫోటో ఎప్పుడు తీసినా కళ్ళు మూసుకుపోతాయి. పెళ్ళి ఆల్బంలో నలభై ఫోటోలున్నాయి, అన్నిట్లోనూ నిద్రపోతున్నాను. నీకు తెలియకుండా పెళ్ళి చేశారా బామ్మా అని మా మనవడు అడిగాడు. రేషను కార్డులో మూసుకున్నాను. ఆధార్‌లో మూసుకున్నాను. పోయాక ఎలాగూ మూసుకునే ఉంటాను కదా, కనీసం గోడ మీదైనా తెరుచుకుని ఉండాలని నా కోరిక."

"ఫికర్ చెయ్యకున్రి బామ్మా," అన్నాడు సుశాంత్. "ఈ కెమెరా కన్నునే పట్టుకుంటది."

నాగవల్లి తెర అవతల ఎవరివో పదో తరగతి మార్కుల పత్రాలు జిరాక్స్ తీస్తోంది. అక్కణ్ణుంచి ఏమీ కనిపించదు, అంతా వినిపిస్తుంది.

మొదట ఇంద్రసేన నొక్కాడు. ఫ్లాష్ లేదు, టక్కుమనే చప్పుడు లేదు, అయినా కెమెరా తెర మీద చూస్తే రెప్పలు మూతపడి ఉన్నాయి. మళ్ళీ తీశాడు. మళ్ళీ మూతపడ్డాయి. సుశాంత్ మామను పక్కకు జరిపి, "వన్, టూ, త్రీ," అని లెక్కపెట్టి, సెకనుకు ముప్పై చొప్పున తీశాడు. త్రీ అనేసరికి ఆవిడ మందు చుక్కలు వేయించుకునేదానిలా గట్టిగా కళ్ళు మూసుకున్నారు. అలా వరసగా తొంభై ఫోటోలు వచ్చాయి.

"అన్నీ నావేనా?" అన్నారు కోటేశ్వరమ్మగారు తెర చూసి. "ఎంత ప్రశాంతంగా ఉన్నానో. ఇప్పుడే పోయినట్టు."

నాలుగోసారి ఆకుపచ్చ చదరం ఒక కన్ను మీద స్థిరంగా నిలిచింది. సుశాంత్ సంబరంగా నొక్కాడు. పెద్దది చేసి చూస్తే ఆ కన్ను ఆవిడ మెళ్ళో ఉన్న లాకెట్‌లోని దుర్గమ్మది. అమ్మవారు వెంట్రుక వెంట్రుకా కనిపించేంత స్పష్టంగా వచ్చింది. వెనక కోటేశ్వరమ్మగారు పొగమంచులో ఉన్నారు.

"ఇది కడిగించి ఇవ్వండి బాబూ, పూజలో పెట్టుకుంటాను," అన్నారావిడ. "నాది మాత్రం అయ్యేలా లేదు. పదమ్మాయ్ సుష్మా. నా కళ్ళకు రాసిపెట్టి లేదు."

ఇంద్రసేనకు బాధేసింది. మళ్ళీ ఒకసారి, చివరిసారి అని బతిమాలి కెమెరా సర్దుకున్నాడు. తెర అవతల నాగవల్లి జిరాక్స్ మిషన్ ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో ముక్కుతో గాలి గట్టిగా లోపలికి పీల్చిన చప్పుడు వినిపించింది. వెంటనే సుశాంత్ గొంతు: "మల్ల మూసిన్రు."

ఆమె తెర తీసుకుని వచ్చింది.

"సార్, ఇంకొకపారి తియ్యున్రి, నేను జర చూస్త."

ఇంద్రసేన కెమెరా వెనక నిలబడ్డాడు. హుఫ్ఫ్‌మని గాలి పీల్చాడు. కోటేశ్వరమ్మగారి రెప్పలు వాలాయి. ఆయన బటన్ నొక్కాడు.

"మీరే సార్," అంది నాగవల్లి.

"నేనేం చేసిన?"

"నొక్కే ముంగట ముక్కుతోని గాలి గుంజుతున్రు. నేను పక్కన మాట్లాడుతుంటే ఇన్నేండ్లు ఎవ్వరికీ ఇనరాలే. పెద్దమ్మ ఇంటున్నది. ఆ సప్పుడు రాంగనే కండ్లు మూస్తున్నది."

"ముప్పై ఏండ్లసంది తీస్తున్న, నేనెన్నడు గాలి గుంజిన?" అని ఇంద్రసేన గట్టిగా గాలి పీల్చాడు. కోటేశ్వరమ్మగారు కళ్ళు మూసుకున్నారు.

"మా పెళ్ళప్పటి ఫోటోగ్రాఫరుకి ఉబ్బసం ఉండేది," అన్నారావిడ కళ్ళు తెరిచి, నెమ్మదిగా. "ఇంకా ముందే చెప్పుంటే బాగుండేది కదమ్మాయ్, అరవై ఏళ్ళ కిందట."

నాగవల్లి ఇంద్రసేనను వెళ్ళి జిరాక్స్ దగ్గర నిలబడమంది. సుశాంత్‌ను లెక్కపెట్టొద్దంది. తను కెమెరా వెనక్కి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బటన్ మీద వేలు పెట్టింది. అది ఎంత మెత్తగా ఉందంటే, నొక్కానో లేదో తెలియక సుశాంత్‌ను అడగాల్సి వచ్చింది.

"నొక్కినవక్కా. పదకొండు వచ్చినయి. అన్నీ నేలవే."

ఆమె కెమెరాను పైకి తిప్పి, కోటేశ్వరమ్మగారి గడ్డం కొంచెం సరిచేసి, తిరిగి వచ్చి మామూలుగా అడిగింది.

"పెద్దమ్మా, గీ ఫోటో ఇంట్ల ఏ గోడకు పెడ్తరు?"

"హాల్లో. టీవీ పైన. వచ్చినవాళ్ళకు గుమ్మంలోంచే కనపడాలి."

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని సుష్మ అక్కడ, మంచి ఉద్దేశంతోనే, మెల్లగా కల్పించుకుంది.

"హాల్లో కాదేమో అత్తయ్యా. టీవీ పైన ఏసీ పెట్టిస్తున్నాం కదా. స్టోర్ రూం పక్కన ఖాళీ ఉంది, అక్కడ అనుకున్నాం."

"స్టోర్ రూం పక్కనా?" అన్నారు కోటేశ్వరమ్మగారు.

నాగవల్లి నొక్కింది. చప్పుడు కాలేదు.

తెర మీద బొమ్మ వచ్చాక అందరూ దాని ముందు కొంచెం వెనక్కి జరిగారు. రెండు కళ్ళూ పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. కుడి కనుబొమ్మ పైకి లేచింది. పెదవులు విడివడి, తర్వాతి మాట బయటికి రాబోతోంది. చూసినవాడెవడైనా వెంటనే క్షమాపణ చెప్పుకునే ఫోటో అది.

"ఇంకోటి తీయండి, కొంచెం నవ్వుతూ," అంది సుష్మ నీరసంగా.

"అక్కర్లేదు," అన్నారు కోటేశ్వరమ్మగారు. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది నేనే. దండ వేసినా నోరు మూయించినట్టు ఉండదు. హాలు గుమ్మమంత పెద్దది చేసివ్వండి."

సుశాంత్ కెమెరాను చూస్తూ, "మంచి కెమెరా కదక్కా," అన్నాడు, ఏదో ఒకటి దక్కించుకోవాలని.

"మంచిదే," అంది నాగవల్లి మనస్ఫూర్తిగా. "సప్పుడు చేస్తలేదు."

ఇంద్రసేన ఓటమిని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మర్నాడు గాలి పీల్చకుండా ఫోటోలు తీయడానికి పూనుకున్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు వచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టి, చదరం కన్ను మీద నిలిచేదాకా ఆగాడు. మొహం ఎర్రగా అయింది, తర్వాత నీలంగా అయింది. ఆ అబ్బాయి కుర్చీలోంచి సగం లేచి, "అన్నా, దవాఖానకు పోదమా?" అన్నాడు. అప్పుడే బటన్ పడింది. హాల్ టికెట్ మీద ఆ అబ్బాయి ఎవరి ఆరోగ్యం గురించో తీవ్రంగా ఆందోళన పడుతూ ఉంటాడు. తర్వాత ఇంద్రసేన నోట్లో బుగ్గల నిండా సోంపు వేసుకుని చూశాడు, ముక్కుకు బట్టల క్లిప్పు పెట్టుకుని చూశాడు. క్లిప్పు పెట్టుకున్నప్పుడు ఫోటోలు చాలా బాగా వచ్చాయి, కాకపోతే అన్నిట్లోనూ జనం పడీపడీ నవ్వుతున్నారు. పాస్‌పోర్టుకు పనికిరావు.

నెలాఖరు రోజు సాయంత్రం ఆయన జిరాక్స్ కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"రేపటిసంది చీరల కాడికేనా?"

"ఔ సార్. వస్తనని చెప్పిన."

"చెప్పిన మాట వాపస్ తీసుకోరాదు?"

"జిరాక్స్ కాడికైతే రాను సార్."

"జిరాక్స్ నేను చూసుకుంటలే." ఆయన మిషన్ మూత తెరిచి, మూసి, కాసేపు దాన్ని అలవాటు చేసుకున్నాడు. "దీని సప్పుడుకు నా సప్పుడు ఎవ్వలికీ ఇనరాదు."

నాగవల్లి సుల్తాన్ బజార్ ఆమెకు అక్కడినుంచే ఫోన్ చేసింది. ఆమె నొచ్చుకుంది గానీ, పండక్కి వచ్చి తమ కుటుంబం ఫోటో తియ్యాలని షరతు పెట్టి వదిలేసింది.

కోటేశ్వరమ్మగారి ఫోటో ఖైరతాబాదు ఇంట్లో హాల్లోనే ఉంది, దండ లేకుండా. ఏసీ పక్క గోడకు జరిగింది. ఆవిడ రోజూ దాని కింద కూర్చునే టీవీ చూస్తారు. ఒకటికి రెండు జతల కళ్ళు చూస్తుంటే రిమోట్ ముట్టుకోవడానికి భయంగా ఉంటుందని సుష్మ, స్టూడియోకు వచ్చినప్పుడు చెప్పింది.

నాగవల్లికి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా, ఉజ్వల స్టూడియోలో ఫోటోలు తీస్తుంది.